ఆ దీర్ఘం తీసేయండి

మా తెలుగు టీచర్ పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో ఫోటోతో సహా వచ్చింది. ఫోటో చూసి, పోయింది ఇంకెవరో అనుకున్నాను.

వనపర్తిలో మా చీరల దుకాణం అప్పుడే తీసి గల్లాపెట్టె ముందు ఊదుబత్తి ముట్టిస్తున్నాను. గద్వాలలో చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాళ్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, అందులో పడింది. ఫ్లెక్సీ బొమ్మ. అటొకటి ఇటొకటి దీపాలు, కింద గులాబీలు, నడుమ గుండ్రంలో ఒక తెల్లటి ఆమె. బుగ్గలకు గులాబీ రంగు, పెదవులకు ఎరుపు. పాపం ఎవరింటి మనిషో అనుకుంటూ కింద పేరు చదివాను. మళ్లీ పైకి చూశాను. ఆ లావుపాటి కళ్లద్దాలు మా టీచర్‌వే. ఎడమవైపుకు కొంచెం వంగిన ఆ ముక్కు కూడా మా టీచర్‌దే. వాటి చుట్టూ ఉన్న ముఖం మాత్రం ఎవరిదో.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. చావు కబురు వింటే కోపం రావడమేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. మా టీచర్ నల్లగా ఉండేది. కాకి అనీ కాటుక అనీ పోలికలు చెప్పను, ఆమెకు అవి పడేవి కావు. నల్లగా ఉండేది, అంతే. ఆ ఒక్క మాటను తిన్నగా అనిపించడానికి బతికినంత కాలం మాతోనూ, ఊరితోనూ, పుస్తకాలతోనూ పోట్లాడింది. పోయి ఇంకా పూట గడవలేదు, ముఖానికి సున్నం కొట్టి గేటుకు వేలాడదీశారు.

దుకాణం మూసి బస్సెక్కాను. దారిపొడవునా ఆ బొమ్మ కింద చేతులు జోడించిన గుర్తులు పడుతూనే ఉన్నాయి. ఒక్కరంటే ఒక్కరు ఇది టీచర్ ముఖం కాదని రాయలేదు. బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ వంతెన మీదికి వచ్చినప్పుడు ఆమె గొంతు వినపడ్డట్టయింది. ఒకసారి వనభోజనాలకు మమ్మల్ని అక్కడికే తీసుకుపోయి, ఏటి ఒడ్డున నిలబెట్టి, "కృష్ణ అంటె ఏందే?" అని అడిగింది. దేవుడన్నాం, ఏరన్నాం. "నలుపు. కృష్ణ అంటె నలుపు. గీ ఏరును సూసి 'నల్లగున్నా నీళ్లు మంచియి' అని ఎవడన్న అంటుండా?" అంది. మాకు అప్పుడేమీ అర్థం కాలేదు. పులిహోర చల్లారిపోతోందని మా తొందర మాది.

ఆ 'నల్లగున్నా' సంగతి తర్వాత క్లాసులో తేలింది. ఇష్టమైన మనిషి గురించి రాసుకురమ్మంది. నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ల మేనత్త గురించి రాసింది. లేచి చదవమంటే గొంతు సవరించుకుని, "మా మేనత్త నల్లగా ఉన్నా మనసు మంచిది" అని మొదలుపెట్టింది.

"ఆగు బిడ్డా," అంది టీచర్. "నలుపుకు, మనసుకు నడుమ ఏం పంచాయితి ఉన్నది?"

ఆ పిల్ల జవాబు కోసం నోటుపుస్తకంలోకే చూసింది.

"నీకు ఇంకో అత్త లేదా?"

"ఉన్నది టీచర్. ఎర్రగుంటది."

"మనసు మంచిదేనా?"

"మంచిదే టీచర్."

"అయితె ఆమె గురించి గిట్లనే చెప్పు. 'మా అత్త ఎర్రగా ఉన్నా మనసు మంచిది.' అను."

ఆ పిల్ల అంది. క్లాసంతా గొల్లుమంది. నవ్వు ఆగేదాకా టీచర్ చేతులు కట్టుకుని నిలబడింది. "ఎందుకు నవ్విన్రు?" అంది. నవ్వెందుకొచ్చిందో అందరికీ తెలుసు, చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు.

బోర్డు మీద 'నల్లగా ఉన్నా' అని రాసింది. డస్టర్ మూలతో చివరి దీర్ఘాన్ని ఒక్కదాన్నే చెరిపి, తలకట్టు సరిచేసింది. 'నల్లగా ఉన్న' అయింది. "ఇప్పుడు సదువు," అంది. "నల్లగా ఉన్న మా మేనత్త మనసు మంచిది." చదివితే ఏ గొడవా లేకుండా ఉంది. "మీరు సేసిన మర్యాదంత ఆ దీర్ఘంల ఉండె. ఇంటికాడ 'నల్లగున్న' అంటె ఏంది?" అని మళ్లీ అడిగింది. పాలమూరు పిల్లలం, మాకు చెప్పాలా? నేనే లేచాను. "నేను నల్లగున్న అని, టీచర్."

"ఆ! దీర్ఘం పెడితె మందిని ఎనక నుంచి పొడుసుడు. దీర్ఘం తీస్తె నేనని ముందుకొచ్చి నిలవడుడు. గింతే తేడా."

ఆ ఏడాదంతా మా నోటుపుస్తకాల్లో ఎర్ర సిరాతో ఆ దీర్ఘాల మీద గీతలు పడ్డాయి. 'పేదవాడైనా', 'చదువు రాకున్నా', 'ఆడపిల్ల అయినా'. ఎక్కడ కనపడితే అక్కడ ఒక గీత, పక్కన 'ఎందుకు?' అని ఒక మాట. తప్పు రాస్తే మార్కులు తగ్గించేది కాదు. పిలిచి అడిగేది. మాకు మార్కులు పోవడమే సుఖమనిపించేది.

ఇంకోసారి ఉపవాచకంలో కథానాయిక 'చామనచాయ' అని వచ్చింది. అంటే ఏమిటని అడిగింది. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి ధైర్యంగా, "చామగడ్డ రంగు టీచర్!" అంది. టీచర్ బల్ల పట్టుకుని నవ్వింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "పొట్టు తీయకముందా, తీసినంకనా?" అంది. మేం సీరియస్‌గా చర్చించుకున్నాం. తీయకముందే అని తేల్చాం.

అప్పుడు చెప్పింది. శ్యామ అంటే నలుపు, శ్యామ అంటే పడుచుపిల్ల కూడా. ఆ శ్యామే మన నోట చామ అయింది. పాత పద్యాల్లో చామ అంటే ఆడది. "అంటె ఆడదాని పేరే నలుపు. ఇయ్యాల ఆ మాటతోని ఏం చేస్తున్నరు? నలుపని అననీకె సిగ్గయి చామనచాయ అంటున్నరు. చీకట్ల మెల్లగ జారుకునే మాటలెక్క చేసి పెట్టిన్రు దాన్ని." చెబుతూ చెబుతూ తన కథలోకి పోయింది. వాళ్లది గట్టు అనే ఊరి దగ్గర పల్లె. "మా ఊర్ల నేను కర్రెపిల్లను. గద్వాలకు సదువుకోవచ్చినంక నల్లపిల్లనయిన. పెండ్లిసూపులకు చామనచాయ. పుస్తకంలకు పోతె శ్యామలాంగిని. తోలు ఒక్కటే. మాట్లాడేటోని అక్కెరను బట్టి పేరు మారుతది."

ఆ నాలుగు మాటల్లో ఆమెకు నచ్చింది కర్రె. వాళ్ల నాయినమ్మ పొలం నుంచి వస్తూనే "మా కర్రెది ఏది?" అని అడిగేదట. కర్రెబర్రె ఏది, కర్రెకోడి ఏది అన్నట్టే. "ఆ మాట ఎనక ఇంకేం ఉండకపోతుండె. 'పాపం' లేదు, 'అయినా' లేదు. పిలుస్తుండె, ఉరికిపోతుంటి," అనేది. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం ఆమె గొంతులో ఎక్కడా కారం ఉండేది కాదు.

పద్యం చెప్పేటప్పుడు కవుల మీద పడేది. వర్ణనలో కురులు తుమ్మెదలు, కురులు మబ్బులు, కురులు నీలాలు. కిందికి వచ్చేసరికి మేను పసిడి, మేను చంపకం, మేను మెరుపుతీగ. తాత్పర్యం అంతా శ్రద్ధగా చెప్పి, పుస్తకం మూసి, "నలుపంత జుట్టుకే పంచిపెట్టిన్రు. ఒంటికి జరంత గూడ మిగల్చలే," అనేది. పద్యాలంటే ఇష్టం లేక కాదు. ఆమెలాగా రాగం తీసి చదివేవాళ్లను నేను మళ్లీ వినలేదు. ఇష్టమైనవాళ్లతోనే కదా మనిషి అంత పోట్లాడేది. జాతీయాలు చెప్పే రోజు ఆమెకు పండగ. 'సిగ్గుతో ముఖం నల్లబడింది' అన్నది రాయించి, "మరి నాకు సిగ్గయితె నా ముఖం ఏం రంగు గావాలె?" అని అడిగేది. తర్వాత 'తెల్లముఖం వేయు' అని రాయించేది. "అర్థం రాసుకోండ్రి. ఏమీ తెల్వక సూసుడు," అని వత్తి వత్తి చెప్పేది.

స్టాఫ్‌రూములో డ్రాయింగ్ సార్ ఒకాయన ఉండేవాడు. మంచివాడే. ఆమెను ఓదార్చడం తన డ్యూటీ అనుకునేవాడు. నోటుపుస్తకాల కట్ట పెట్టడానికి నేను పోయినప్పుడు విన్నాను. "రంగుదేముంది మేడం, నలుపు నారాయణ మెచ్చు అన్నరు పెద్దలు," అన్నాడాయన, ఎవరూ అడగకుండానే.

"మెచ్చిండు సార్. మెచ్చి, బంగారు రంగున్న లక్ష్మమ్మను తెచ్చుకున్నడు."

స్టాఫ్‌రూమంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. బయటికి వచ్చాక నాతో అంది, "తిట్టినోనితోని కొట్లాడొచ్చు బిడ్డా. ఓదార్చేటోనితోని ఏం కొట్లాడుతవ్?" ఆ మాట అన్నప్పుడు ఆమె చాలా అలసిపోయినట్టు కనిపించింది.

ఎందుకు అలసిపోదు? బడి వార్షికోత్సవమొస్తే, వచ్చిన పెద్దవాళ్లకు బొట్టుపెట్టి పూలివ్వడానికి ఎర్రగా ఉన్న టీచర్లను నిలబెట్టేవారు. ఈమెను మైకు వెనక్కి పంపేవారు. గొంతు మంచిది మేడం మీది, అని. ఒక్కసారి కాదు, ఆమె ఆ బడిలో ఉన్నన్నాళ్లూ. "గొంతుకు రంగు లేదు గాబట్టి బతికిపోయిన," అనేది. మేం నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. ఎండలో గొడుగు లేకుండా నడిచి వస్తుంటే వీధిలో ఆడవాళ్లు కేకేసి మరీ చెప్పేవారు, "టీచరమ్మా, గొడుగన్న పట్టుకోరాదు, ఇంక నల్లబడ్తవ్!" ఆమె ఆగి, నవ్వి, "ఇంకేడికి నల్లబడుత తల్లీ? ఎండకే యాష్టొచ్చి ఊకోవాలె," అనేది. ఆ నవ్వు చూసి అందరూ ఆమెకేమీ పట్టదనుకున్నారు. పట్టకపోతే మనిషి అన్ని జవాబులు ముందే తయారుచేసి పెట్టుకుంటుందా?

మాది గద్వాలలో మగ్గం ఇల్లు. ఒకసారి చీర కొనడానికి ఆమె మా ఇంటికే వచ్చింది. మా అమ్మ ఎంతో గౌరవంగా చాప వేసి, మంచినీళ్లిచ్చి, బీరువా తీసి లేత రంగులన్నీ ముందర పరిచింది. మీగడ రంగు, లేత గులాబీ, గంధం. టీచర్ వాటిని మడత కూడా విప్పలేదు. మగ్గం మీద సగంలో ఉన్న చీర చూపించింది. నేరేడుపండు రంగు, జరీ అంచు.

"అది మీకెందుకు టీచరమ్మా? మీ రంగుకు..." అని మా అమ్మ నాలుక కరుచుకుంది.

"సెప్పమ్మా, ఆగినవేంది? చీర నేరేడుపండు రంగుంటె ఎంత సక్కగున్నదని ముక్కు మీద ఏలేసుకుంటరు. అదే రంగు మనిషికుంటె ముక్కు ఇరుస్తరు. నేసినోళ్లు మీరు, మీకన్న తెల్వదా రంగంటె ఏందో?"

మా అమ్మ ఆ చీరను ఇంకెవరికీ చూపకుండా, మగ్గం నుంచి దింపాక ఆమెకే ఇచ్చింది. ఆ నేరేడు చీర కట్టుకుని టీచర్ బడికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఎక్కడ చీర ఆగి ఎక్కడ చెయ్యి మొదలైందో తెలియనట్టు ఉండింది. నాకు ఆమె అంత బాగా ఎప్పుడూ కనపడలేదు. చూశారా, నాకు రాయడం నేర్పింది ఆమే గనక 'నల్లగా ఉన్నా' అని రాయలేదు.

గద్వాలలో దిగి ఆమె ఇంటికి చేరేసరికి వీధి నిండా జనం. గేటు మీద ఆ ఫ్లెక్సీ, ఫోన్‌లో కన్నా పెద్దగా. తెల్లటి ఆమె నవ్వుతోంది. లోపల వసారాలో మా టీచర్ పడుకుని ఉంది. నుదుటన బొట్టు, మెడదాకా గుడ్డ, నల్లటి ముఖం. అప్పుడు వచ్చింది ఏడుపు. కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే పక్కింటావిడ నా వీపు నిమురుతూ, "ఊకో బిడ్డా. నల్లగున్నా ముఖంల ఎంత కళ ఉంటుండెనో," అంది. చావింట్లో ఆమెను ఏమీ అనలేక పళ్లు బిగబట్టాను.

ఆ బిగువు ఎంతోసేపు నిలవలేదు. ఎత్తేముందు నాలుగు మాటలు చెప్పాలని మా పాత పెద్దసార్ లేచారు. రిటైరై చాలా కాలమైంది, గొంతు మాత్రం ప్రార్థన సమయంలో లాగే ఉంది. "మేడం గారు రంగుకు నల్లగా ఉన్నా, మనసు మాత్రం తెల్లని మల్లెపువ్వు," అన్నారు.

"సార్, ఆ దీర్ఘం తీసేయండి," అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. జనం అంతా నా వైపు తిరిగారు. పెద్దసార్ తెల్లముఖం వేశారు. వెనక నిలబడ్డ మా క్లాసు వాళ్లలో ఎవరో నవ్వు ఆపుకోబోయి భోరుమన్నారు.

"ఏంటమ్మా?"

"నల్లగా ఉన్నా గాదు సార్. నల్లగా ఉన్న. ఆమె మనసుకు తెల్లపూలు గూడ వద్దు."

"నేను మెచ్చుకుంటనే ఉన్న గదమ్మా."

"గదే సార్ మా బాధ."

ఎవరో నా చెయ్యి పట్టి పక్కకు లాగారు. చూస్తే టీచర్ తమ్ముడు. టీచర్‌కు పిల్లలు లేరు, భర్త ముందే పోయాడు. చివరి రోజుల్లో దవాఖాన చుట్టూ తిరిగింది, ఇప్పుడు అన్నీ నడిపిస్తున్నది ఈయనే. గట్టు దగ్గర సేద్యం చేసుకునే మనిషి, మా బడి రోజుల నుంచీ అక్కను చూడడానికి వచ్చిపోయేవాడు. నీళ్ల ట్యాంకు పక్కకు తీసుకుపోయి, "సావింట్ల గిదేం పంచాయితి బిడ్డా?" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"గేటు మీద ఆ ఫోటో ఎవరు చేయించిన్రు కాకా?"

"నేనే."

"అది టీచరేనా?"

ఆయన గేటు వైపు చూడలేదు. "మా అక్క బతికినన్ని దినాలు మాటలు పడ్డది. పోయినంకనన్న ఎవ్వరు ఏమనొద్దని, జర తెల్లగ చెయ్యమని నేనే చెప్పిన. పెద్దసార్ గూడ మంచిగున్నదన్నడు. అదే ఫ్రేము కట్టించి బడిల పెడ్తమన్నరు."

తిట్టడానికి నోట్లో తయారుగా పెట్టుకున్న మాటలన్నీ అక్కడే ఆగిపోయాయి. ఆ తెల్లదనం ప్రేమతో పూసిందని తెలిశాక నా కోపం తగ్గలేదు, ఎవరి మీద చూపాలో తెలియకుండా పోయింది అంతే. ఒకటి మాత్రం అనగలిగాను. "బడిల పెడ్తె, రేపు చదివే పిల్లలకు ఆ తెల్లామెనే మా టీచర్ అయితది కాకా. నల్లపిల్ల ఒకతి ఆ గోడ కిందికొచ్చి నిలవడితె, మా టీచర్ ఆ పిల్లకు ఏం చెప్తది?"

ఆయన తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు గమనించాను. ఆయనదీ అచ్చం అక్క రంగే. అన్నేళ్లలో ఎవరూ దాని గురించి ఒక్క మాట అనగా నేను వినలేదు. ఆయనే చెప్పాడు. "ఒక్క కడుపున పుట్టినం, ఒక్కటే రంగు. పొద్దుగాల లేస్తె మా అమ్మ అక్కను కూసోబెట్టి సున్నిపిండి పెట్టి రుద్దుతుండె. తోలు మండి ఏడుస్తుండె అక్క. నన్ను ఎన్నడు రుద్దలే. మగపోరనికి రంగుతోని ఏం పని అంటుండె. నేను గడపల కూసోని రొట్టె తినుకుంట సూసేటోన్ని."

తలగుడ్డ మళ్లీ చుట్టుకుంటూ, "దినాలలోపల ఇంకోటి చేయిద్దం తియ్. నువ్వే దగ్గరుండి చెయ్యి," అన్నాడు.

చేయిద్దాం అనుకోవడం సులువే. ఫోటో ఏది? ఆ వారంలో మళ్లీ గద్వాలకు పోయి, ఆయనా నేనూ ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ముందరేసుకుని కూర్చున్నాం. పెళ్లి ఫోటోలో ముఖానికి పౌడరు, దాని మీద స్టూడియోవాడి చేతిపని. బడి గ్రూపు ఫోటోల్లో లైటు కొట్టి కొట్టి పాలిపోయింది. రిటైర్మెంటు సన్మానం ఆల్బంలో గేటు మీద కన్నా తెల్లగా ఉంది. పోనీ ఫోన్లలో ఉంటుందేమోనని గ్రూపులో అడిగితే బోలెడు వచ్చాయి, అన్నిట్లోనూ ఫోనే దానంతటది ముఖం నున్నగా తెల్లగా చేసి పెట్టింది. ఆధార్ కార్డులో ఒక్కదాంట్లోనే నల్లగా ఉంది. కానీ ఆధార్ కార్డులో అందరూ దొంగల్లాగే ఉంటారు కదా, అదెట్లా పెడతాం?

నమ్మండి. ఒక మనిషి ఇన్నేళ్లు మన మధ్య తిరిగింది, వేల మందికి అక్షరం చెప్పింది, ఆమె ముఖం ఉన్నది ఉన్నట్టు ఒక్క బొమ్మలోనూ లేదు. ఏ ఒక్కరూ కావాలని చేసింది కాదు. ప్రతి ఒక్కరూ కొంచెం బాగుండాలనుకున్నారు. తలా కొంచెం బాగుచేసి మనిషినే లేకుండా చేశారు.

చివరికి సన్మానం ఫోటోల్లో ఆమె నవ్వుతున్నదొకటి ఏరుకుని ఫ్లెక్సీ దుకాణానికి పోయాం. అక్కడి కుర్రవాడు విని, కుర్చీలో వెనక్కి వాలి నన్ను చూశాడు. "అక్కా, అందరు తెల్లగ చెయ్యమంటరు. నల్లగ చెయ్యమని వచ్చింది మీరే ఫస్టు."

"చేస్తవా లేదా?"

"చేస్త గని, తెల్లగ చేయనీకె ఒక్క బటన్ కొడ్తె అయిపోతది. నల్లగ చేయనీకె బటన్ లేదు."

లేదట. అయినా మంచివాడు, ప్రయత్నించాడు. మొదట వెలుగు తగ్గించి చూశాడు, ముఖం బూడిద రంగుకు తిరిగింది, పోయిన మనిషి లాగే ఉంది. కాదన్నాను. ఇంకేదో కలిపాడు, నీలంగా వచ్చింది, క్యాలెండర్లో దేవుడిలాగా. నాకు పిచ్చి కోపమొచ్చింది. మనిషి నల్లగా ఉంటే దేవుణ్ణైనా చేస్తారు, బూడిదైనా చేస్తారు, మనిషిలా మాత్రం ఉండనివ్వరు.

"అసలు ఎట్లుంటుండె అక్కా? ఏం రంగు? సక్కగ చెప్పుండ్రి, చేస్త," అన్నాడు.

నేను చీరలమ్ముకునేదాన్ని. రోజూ పొద్దున్నుంచి సాయంత్రందాకా నా నోట రంగుల పేర్లే. నేరేడు, వక్క, గచ్చకాయ, ఏనుగు రంగు, మిరియం రంగు. కస్టమరు ఏది అడిగినా కళ్లు మూసుకుని ఇదీ అని చూపించగలను. ఆ స్క్రీను ముందు నా నోట ఒక్క పేరు రాలేదు. ఏది చెప్పినా పోలికే అవుతుంది. పోలికలు ఆమెకు పడవు.

అప్పటిదాకా తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న టీచర్ తమ్ముడు లేచాడు. చొక్కా చెయ్యి గుండీ విప్పి మోచేతిదాకా మడిచాడు. వచ్చి, చేతిని కంప్యూటర్ స్క్రీనుకు ఆనించి బల్ల మీద పెట్టాడు. "గిది సూసి చెయ్యి," అన్నాడు.

కుర్రవాడికి అర్థమైంది. ఆయన ముఖం చూసి జాలిపడ్డట్టున్నాడు. "పరేషాన్ గాకు తాతా. నల్లగున్నా..." అన్నాడు.

నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు ఆయనే అన్నాడు.

"నల్లగున్న."

కుర్రవాడు తలెత్తాడు.

"నేను నల్లగున్న. మా అక్క నల్లగుండె. నువ్వు రంగు చెయ్యి."

ఆ మాటలో దీర్ఘం లేదు. అక్క దగ్గర ఆయన ఒక్క పాఠం కూడా చదువుకోలేదు. గట్టు దగ్గర పుట్టి పెరిగిన మనిషి, వాళ్ల ఊళ్లో ఎట్లా అంటారో అట్లా అన్నాడు.

కుర్రవాడు చేతి వంక ఒకసారి, తెర వంక ఒకసారి చూస్తూ పనిచేశాడు. బుగ్గల మీద గులాబీ పోయింది. నుదుటి మెరుపు దిగింది. ముక్కు పక్క నీడలు దారికొచ్చాయి. కొంచెం కొంచెంగా ఆ ముఖం పక్కనున్న చేతి దాకా వచ్చి, అక్కడ ఆగింది. కళ్లద్దాల వెనక నుంచి మా టీచర్ నన్ను చూసింది, తప్పు రాస్తే పిలిచి అడిగేటప్పుడు చూసినట్టు.

"అయిపోయింది తాతా. ఇంగ చెయ్యి తీయొచ్చు," అన్నాడు కుర్రవాడు.

ఆయన తీయలేదు.